నెల్లూరులో పిల్లల ఆటల కేంద్రం: మేము తెరిచిన తీరు, నడుపుతున్న తీరు

మినీ బైపాస్ రోడ్డు పక్కన మేము నడుపుతున్న పిల్లల ఆటల కేంద్రం 2024 ఆగస్టులో తెరుచుకుంది. దానిని తలపెట్టింది మాత్రం 2023 జూన్‌లో. ఆ రెండు తేదీల నడుమ ఏమేమి జరిగిందో, తెరిచిన తరువాత లెక్కలు ఎటు తిరిగాయో ఒంగోలు నుంచి, కావలి నుంచి అప్పుడప్పుడు ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతుంటారు. అందరూ మొదట అడిగేది మెషీన్లు ఎక్కడ కొన్నారని. నా దృష్టిలో అది చివరన అడగవలసిన ప్రశ్న. ఏడాదిలో సుమారు నూటపాతిక రోజుల రాబడితో 365 రోజుల ఖర్చు మోయవలసిన వ్యాపారం ఇది. తక్కిన రోజులు ఎలా గడుస్తాయన్నదే మొదట తేల్చుకోవలసిన సంగతి.

అంతకు ముందు మాది రొయ్యల మేత, మందుల డీలర్‌షిప్. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు గుంటలకు సరుకు అప్పు మీద ఇవ్వడం, పట్టుబడి అయ్యేదాకా ఎదురుచూడడం, మధ్యలో జబ్బు వచ్చి గుంట ఎత్తిపోతే రైతు ముఖం చూసి నోరు మూసుకుని తిరిగి రావడం. డబ్బు ముందు చేతికి వచ్చి సరుకు తరువాత ఇచ్చే వ్యాపారం ఒకటి ఉంటే బాగుండునని నేనూ మా బావమరిదీ చాలా కాలంగా అనుకుంటున్నాము. సెలవులు వస్తే మా పిల్లలను ఇలాంటి ఆటల కోసమే మద్రాసు తీసుకుపోయేవాళ్ళం. రానూపోనూ 350 కిలోమీటర్లు, డీజిలు, టోల్‌గేట్లు, భోజనాలు కలిపితే పిల్లలు ఆడిన రెండు గంటలకు అయిన ఖర్చు తక్కువేమీ కాదు. 2011 జనాభా లెక్కల నాటికే ఐదు లక్షలు దాటిన ఊరిలో అలా పోయే కుటుంబాలు ఇంకెన్ని ఉంటాయో అన్న ఊహతోనే పని మొదలైంది.

మొదటి అడ్డంకి ఎవరూ చెప్పనిది: ఎత్తు. మూడంతస్తుల సాఫ్ట్ ప్లే (ఇనుప పైపులకు స్పంజి చుట్టి కట్టే పాకుడు, జారుడు ఆటల గూడు) కట్టడానికి నేల నుంచి కప్పు దాకా ఏ అడ్డమూ లేకుండా కనీసం పద్నాలుగు అడుగులు కావాలి, పిల్లలు ఎగిరి గెంతే ట్రాంపోలిన్ల పైన ఇంకా ఎక్కువ ఉంటే మంచిది. మన ఊళ్ళ కమర్షియల్ కాంప్లెక్సులలో స్లాబుకూ స్లాబుకూ మధ్య పది, పదకొండు అడుగులే ఉంటాయి. అందులో ఏసీ గొట్టాలు, దూలాలు పోతే మిగిలేది తొమ్మిది. మాగుంట లేఅవుట్‌లో, దర్గామిట్టలో చూసిన మంచి మంచి అంతస్తులన్నీ ఈ ఒక్క కొలత దగ్గరే ఆగిపోయాయి. మెజరింగ్ టేపు జేబులో పెట్టుకుని తిరుగుతుంటే బ్రోకర్లు మమ్మల్ని చూసి నవ్వుకున్నారు. నాలుగు నెలల వెతుకులాట తరువాత దొరికినది పాత ధాన్యం గోడౌన్: 6,500 చదరపు అడుగులు, పద్దెనిమిది అడుగుల ఎత్తు, రేకుల కప్పు, ముందు కార్లు నిలుపుకోవడానికి చోటు. రైలు పట్టాలకు ఏ వైపున ఉన్నామన్నది కూడా ఆలోచించవలసి వచ్చింది. గట్టి వాన పడితే నెల్లూరులో అండర్ బ్రిడ్జీలు నీటితో నిండిపోతాయి, సగం ఊరు రెండో సగానికి రాలేదు. ఎక్కువ కాలనీలు ఏ వైపున ఉన్నాయో ఆ వైపునే మేము నిలబడ్డాము.

అద్దె నెలకు 1,45,000 రూపాయలు, పది నెలల అడ్వాన్సు, ఏటా ఐదు శాతం పెంపు, తొమ్మిదేళ్ళ లీజు. స్థలం ముగ్గురు అన్నదమ్ములది. ఒకరు విదేశంలో ఉండడంతో ఆయన పవర్ ఆఫ్ అటార్నీ వచ్చి రిజిస్ట్రేషన్ పూర్తయ్యేసరికి నవంబరు వచ్చింది. లీజును రిజిస్టరు చేయించుకోవడం ఖర్చుతో కూడినదే అయినా, అది లేకుంటే బ్యాంకు ఫైలు ముట్టుకోదు. పనులు జరిగే కాలానికి మూడు నెలల అద్దె మినహాయింపు అడిగి తీసుకున్నాము. తలుపులు తెరిచే నాటికి అంతకు రెండింతల కాలం అద్దె ఊరికే కట్టాము. కొత్తగా దిగేవారు ఈ మినహాయింపును కనీసం ఆరు నెలలకు బేరమాడాలని నా సలహా.

బ్యాంకు మేనేజరు గారు మర్యాదస్తులే. కాని ఆయన అడిగిన ప్రశ్న చాలా రోజులు నిద్ర పట్టనివ్వలేదు. "రైసు మిల్లు మెషినరీ అయితే రేపు అమ్ముకోవచ్చు సార్, ఈ స్పంజి గోడలు, జారుడు బల్లలు ఎవరు కొంటారు?" అన్నారు. ఆ మాట నిజం. సాఫ్ట్ ప్లే విప్పితే ఇనుప పైపుల తూకం మాత్రమే మిగులుతుంది. తాకట్టు లేని రుణాలకు ప్రభుత్వ ట్రస్టు గ్యారంటీ ఇచ్చే సీజీటీఎంఎస్‌ఈ పరిమితి 2023 ఏప్రిల్‌లోనే ఐదు కోట్లకు పెరిగి ఉన్నా, కొత్త రకం వ్యాపారం కాబట్టి కొంత భాగానికి మా బావమరిది ఇంటి కాగితాలు పెట్టక తప్పలేదు. ఆ కాగితాలు బీరువాలో నుంచి తీసి ఇచ్చేటప్పుడు మా చెల్లెలు ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే నాకు తేలికగా ఉండేది. దరఖాస్తు ఇచ్చిన దాదాపు పదకొండు వారాలకు, 2024 జనవరి చివరలో, 80 లక్షల టర్మ్ లోను మంజూరైంది. వడ్డీ పదిన్నర శాతం, ఆరు నెలల మారటోరియం (వాయిదా కట్టనక్కరలేని గడువు), ఆ పైన నెలకు సుమారు 1,42,000 రూపాయల వాయిదా.

ఈలోగా డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చింది. 5వ తేదీన అది బాపట్ల దగ్గర తీరం దాటకముందే మా దగ్గర రెండు మూడు రోజులు ఎడతెరిపి లేని వాన. గోడౌను రేకుల అతుకులన్నీ ఎక్కడెక్కడ కారుతాయో ఆ వానే చూపించింది. ఇంకా ఫ్లోరింగు వేయలేదు, పరికరాలు రాలేదు కాబట్టి పోయినది ఏమీ లేదు. కాని అంచనాలో లేని కప్పు పని ఒకటి వచ్చి చేరింది. పాత రేకులు తీసి, మధ్యలో ఫోమ్ నింపిన ప్యానెళ్ళు వేయించాము. ఖర్చు చూసి గుండె జారింది గాని, రోహిణి కార్తెలో ఏసీలు ఆ కప్పు కింద తట్టుకుని నిలబడినప్పుడు ఆ తుఫానుకు దండం పెట్టుకున్నాను.

మొత్తం ఖర్చు 1 కోటి 35 లక్షలని వేసుకున్నాము, తేలినది 1 కోటి 80 లక్షలకు కొంచెం తక్కువ. సాఫ్ట్ ప్లేకు 32 లక్షలు, ట్రాంపోలిన్లకు 11, కార్డు గీకి ఆడే ఆర్కేడ్ మెషీన్లకు 41, బ్యాటరీ బంపర్ కార్లకు ఆరున్నర, ఏసీలకు 18, కప్పు, ఫ్లోరింగు, కరెంటు పని, రంగులు కలిపి 36. ఇవి అందరూ ఊహించేవే. ఊహకు అందనివి ఫైరు సేఫ్టీ పనులకు ఏడున్నర లక్షలు, జనరేటరుకు ఏడు, కార్డులు గీకే సిస్టానికి ఆరు. ఆ పైన అడ్వాన్సు పద్నాలుగున్నర. ఆర్కేడ్ మెషీన్లు మద్రాసులో దిగుమతిదారుల దగ్గర చూశాము. కొన్ని కొత్తవి, కొన్ని రిపేరు చేసి రంగు వేసినవి. రిపేరు చేసినవి కొనేటప్పుడు చూడవలసినది తెర కాదు, దాని మదర్ బోర్డు మళ్ళీ దొరుకుతుందా లేదా అని. అది దొరకని మెషీను చెడిపోయిన రోజు నుంచి చోటు తినే బీరువాయే.

వేసవి సెలవులకు, అంటే ఏప్రిల్ 24 నాటికి తెరవాలన్నది మా లెక్క. మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. మా లోడుకు విడిగా ట్రాన్స్‌ఫార్మరు కావాలి. డబ్బు కట్టి ఉన్నాము, ఎస్టిమేటు అయి ఉంది, కాని సంతకం పెట్టవలసిన వారూ, వచ్చి చూడవలసిన వారూ అందరూ ఎన్నికల విధుల్లోనే. మే 13 పోలింగు, జూన్ 4 లెక్కింపు. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. ఆ రెండు నెలలూ రంగులు వేసిన హాలులో, ప్లాస్టిక్ కవర్లు విప్పని మెషీన్ల మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంటే, బయట రోడ్డు మీద సెలవుల పిల్లలు తిరుగుతుండేవారు. ఈ వ్యాపారంలో ఒక వేసవి పోవడమంటే రైతుకు ఒక పంట పోయినట్టే.

ఆ ఎదురుచూపుల్లోనే మే 25న రాజ్‌కోట్‌లోని టీఆర్‌పీ గేమ్ జోన్ అగ్నిప్రమాదం వార్త వచ్చింది. వెల్డింగు నిప్పురవ్వల నుంచి రేగిన మంట, 27 మంది మృతి, వారిలో పిల్లలూ ఉన్నారు. ఆ కేంద్రానికి అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతి పత్రం, ఎన్‌ఓసీయే లేదు. ఆ రాత్రి టీవీ కట్టేసి మా ఇంట్లో ఎవరమూ మాట్లాడుకోలేదు. మరునాడు పొద్దున మా నాన్న, "ముందు ఆ వెనక తలుపు సంగతి చూడరా అబ్బయ్యా, తరువాత మిగతావి" అన్నారు. మాకు వెనక వైపు ఉన్నది రోలింగ్ షట్టరు. మనుషులు తోసుకుంటూ వచ్చినప్పుడు షట్టరు ఎత్తేవారు ఉండరు కాబట్టి దానిని బయటి దారిగా లెక్కించరు. జనం గుమిగూడే భవనాలకు స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు ఆరు మీటర్లు దాటినా ఫైరు అనుమతి ముందుగా ఉండాలి. మాది రెండో లెక్కన కాకపోయినా మొదటి లెక్కన అందులో పడుతుంది.

తనిఖీకి వచ్చిన అధికారి అడిగినవి ఇవి: ఎదురెదురు వైపుల రెండు దారులు, బయటికి తెరుచుకునే తలుపులు, చేత్తో నెట్టితే చాలు తెరుచుకునే కడ్డీలు, కరెంటు పోయినా వెలిగే బాణం గుర్తులు, నీళ్ళ ట్యాంకు, మంట ఆర్పే నీళ్ళ గొట్టపు చుట్ట (హోస్ రీలు), పొగ పసిగట్టే పరికరాలు. ఇవన్నీ డబ్బు పెడితే వచ్చేవి. మేము ఊహించనిది ఫోము. సాఫ్ట్ ప్లేలో చూసినదంతా ఫోమూ రెగ్జినూ నెట్టూ కదా. మంట తగిలినా త్వరగా అంటుకోని రకమని సరఫరాదారు ఇచ్చిన సర్టిఫికెట్టు చూపించాము. అధికారి ఆ కాగితం పక్కన పెట్టి, మిగిలిపోయిన ముక్క ఒకటి తెప్పించి బయట లైటరుతో అంటించి చూశారు. అంచు నల్లబడి, కమురు వాసన వచ్చి, లైటరు తీయగానే ఆరిపోయింది. ఆ కొన్ని క్షణాలూ నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. సరఫరాదారు దగ్గర ఆర్డరు ఇవ్వకముందే ముక్క తెప్పించుకుని ఇంటి పెరట్లో ఈ పని చేయడం మంచిది. వెనక గోడ పగలగొట్టి తలుపు పెట్టడానికి యజమానులను ఒప్పించడం, కొత్త ట్యాంకు, మళ్ళీ తనిఖీ. అన్నీ ముగిసి ఎన్‌ఓసీ చేతికి వచ్చేసరికి జూలై రెండో వారం. అప్పటికి ఆషాఢం. అమ్మ ఒప్పుకోలేదు. రొట్టెల పండుగకు ఊరంతా జనంతో నిండిపోయిన ఆ రోజుల్లో కూడా తలుపులు మూసుకునే ఉన్నాము. శ్రావణం వచ్చిన తరువాతే పాలు పొంగించాము.

మొదటి ఆదివారం గల్లాపెట్టె చూసి మేమందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. దాదాపు లక్ష రూపాయలు. బుధవారం నాటికి అది ఎనిమిది వేలకు దిగింది. ఆ తరువాత మూడు నెలలలో ఒక తీరు కుదిరింది: మామూలు ఆదివారం 75 వేలు, శనివారం 40 వేలు, తక్కిన రోజుల్లో తొమ్మిది, పది వేలు. అద్దె, వాయిదా, జీతాలు, కరెంటు, చిల్లర ఖర్చులు కలిపితే నెలకు ఏడున్నర, ఎనిమిది లక్షలు కావాలి, అంటే పండుగైనా పరీక్షలైనా రోజుకు పాతిక వేలకు పైన. వీటిలో కరెంటు ఒక్కటే కాలాన్ని బట్టి మారుతుంది. డిసెంబరులో లక్షా పదివేలైతే మేలో దాదాపు రెండు లక్షలు. ఏసీలు ఆపినా, తీసుకున్న లోడును బట్టి కట్టే డిమాండ్ ఛార్జీ ఆగదు.

గంటకు మామూలు రోజుల్లో 350, శని ఆదివారాల్లో 450 రూపాయలని పెట్టాము. కౌంటరు దగ్గర రోజూ వినిపించే మాట, "ఏంది సార్, పిలకాయలు ఎగరడానికి నాలుగొందల యాభయ్యా?" అని. ఆ 450లో 68 రూపాయల 64 పైసలు జీఎస్‌టీకి పోతాయి. ఆటల ప్రవేశానికి పన్ను 18 శాతం. పన్ను వేరుగా చూపిస్తే జనం ఇంకా నొచ్చుకుంటారు కాబట్టి కలిపే బోర్డు రాయించాము. కాలు జారకుండా వేసుకునే గ్రిప్ సాక్సులు 60 రూపాయలు. వాటి మీద జరిగినంత వాదన టిక్కెట్ల మీద జరగలేదు. మొదటిసారి కొన్నవాటిని ఇంటికి తీసుకుపోయి మళ్ళీ తెచ్చుకోవచ్చని బోర్డు పెట్టిన తరువాతే అది తగ్గింది.

నేను ఈ వ్యాపారం గురించి నేర్చుకున్న పెద్ద సంగతి ఆటల వైపు కాదు, కుర్చీల వైపు కనిపించింది. పిల్లలతో వచ్చేది తల్లిదండ్రులు మాత్రమే కాదు. సగం కుటుంబాల్లో నాయనమ్మో అమ్మమ్మో ఉంటారు. పిల్లవాడు ఇంకో గంట ఆడతానంటాడు, తండ్రి సరేనంటాడు, పెద్దావిడ మోకాళ్ళు ఒప్పుకోవు. "ఇంక పోదాం పదండయ్యా" అన్న మాటతో మా రెండో గంట టిక్కెట్టు పోతుంది. అందుకని అక్టోబరులో, సరిగ్గా దసరా సెలవుల ముందు, సరిగా ఆడని రెండు మెషీన్లు తీసేసి ఆ చోట వీపుకు ఆనుడు ఉన్న సోఫాలు వేశాము. పిల్లలు కనిపించేలా, పాటల హోరు తక్కువగా ఉండేలా, మంచినీళ్ళు చేతికి అందేలా. మెషీన్లు అమ్మిన కంపెనీవారు చదరపు అడుగుకు రాబడి లెక్కలు చూపించి వద్దన్నారు. కాని రెండో గంట తీసుకునేవారి సంఖ్య ఆ నెల నుంచే కంటికి కనిపించేంతగా పెరిగింది. ఫిల్టరు కాఫీ అమ్మకం కూడా.

ఇక వారం మధ్య రోజులు. పొద్దున పది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్ళ లోపు పిల్లలకు సగం ధర పెట్టాము. ఆ వేళ పెద్దపిల్లలను లోపలికి రానివ్వము. తల్లులు అలవాటుపడడానికి రెండు నెలలు పట్టింది గాని, ఇప్పుడు ఆ రెండు గంటలు ఖాళీగా ఉండవు. ప్లే స్కూళ్ళను, ప్రైమరీ స్కూళ్ళను స్వయంగా తిరిగి కలిశాను. పిల్లకు 200 చొప్పున, బస్సు వారిదే, టీచర్లకు ఉచితం. బడివారు మొదట అడిగేది ధర కాదు, బాత్రూములు. రెండోది, పిల్లలను తలలు లెక్కపెట్టి అప్పగించే పద్ధతి. ఆ పద్ధతి కాగితం మీద రాసి చూపించినప్పటి నుంచి నవంబరు, డిసెంబరు, ఫిబ్రవరి నెలల్లో మంగళవారాలు కూడా మోత మోగుతున్నాయి. మార్చి పరీక్షల నెల మాత్రం ఎవరు ఏమి చేసినా లేవదు. ఆ నెలలోనే రంగులు, రిపేర్లు పెట్టుకుంటాము.

మమ్మల్ని నిలబెట్టినవి పుట్టినరోజులు. మొదటి పుట్టినరోజును మన వైపు ఫంక్షన్ హాలులో పెళ్ళిలాగానే చేస్తారు, అది మనకు రాదు. నాలుగో ఏడు నుంచి పదో ఏడు దాకా వచ్చేవే మనవి. ఇరవై మంది పిల్లలకు రెండు గంటల ఆట, అలంకరణ, గది కలిపి పద్నాలుగు వేల దాకా అవుతుంది. నెలకు పది, పన్నెండు వస్తాయి, ఎక్కువ భాగం మామూలు రోజుల సాయంత్రాలే. తిండి దగ్గర పెద్ద చిక్కు వచ్చింది. బయటి తిండి రానివ్వకపోతే, నెల్లూరివాళ్ళకు నచ్చిన చోటి బిరియానీ లేని పుట్టినరోజు పుట్టినరోజే కాదు. రానిస్తే మా వంటగది దేనికి? చివరకు కేకు ఎక్కడిదైనా తెచ్చుకోవచ్చునని, భోజనం మేము చెప్పిన ఇద్దరు క్యాటరర్లలో ఒకరి నుంచి రావాలని పెట్టాము. వారు మాకు కొంత కమిషన్ ఇస్తారు. మా వంటగదిలో కాఫీ, పాప్‌కార్న్, శాండ్‌విచ్, ఫ్రెంచ్ ఫ్రైలు మాత్రమే మిగిలాయి. ఇందులో ఆడిటరు చెబితే గాని తెలియని మెలిక ఒకటి ఉంది. తిండి అమ్మకాలపై పన్ను 5 శాతమే గాని దానికి ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నవాటి మీద మనం కట్టిన పన్నును తగ్గించుకునే వీలు, లేదు. అందుచేత ఏసీలు, సిస్టము వంటి ఉమ్మడి ఖర్చుల మీద కట్టిన పన్నులో తిండి వాటా మేరకు క్రెడిట్ వదులుకోవాలి. తిండి అమ్మకం చిన్నదిగా ఉంటేనే లెక్క శుభ్రంగా ఉంటుంది.

పన్నులదే ఇంకొక సంగతి. యజమానులకు జీఎస్‌టీ నమోదు లేదు కాబట్టి అద్దెకు పన్ను లేదని నిశ్చింతగా ఉన్నాము. 2024 అక్టోబరు 10 నుంచి నమోదు లేనివారి కమర్షియల్ స్థలం అద్దెకు తీసుకుంటే అద్దెదారే 18 శాతం కట్టాలన్న నియమం వచ్చింది. అప్పటి అద్దె మీద నెలకు 26,100 రూపాయలు నగదుగా కట్టి, తరువాత క్రెడిట్ తీసుకోవాలి. డబ్బు చాలావరకు తిరిగి వచ్చేదే, కాని ఖాతాలో చిల్లర కూడా లేని నెలలో ఆ నగదు ఎక్కడి నుంచి తేవాలన్నదే బాధ.

ఆ నవంబరులోనే మేము భయపడినది జరిగింది. ట్రాంపోలిన్ మీద ఒక పదకొండేళ్ళ పిల్లవాడు ఎగిరి వచ్చి ఆరేళ్ళ పాప మీద పడ్డాడు. పాప మణికట్టు ఎముక చిట్లింది. మా మేనేజరు కారులోనే ఆసుపత్రికి తీసుకుపోయాము. పాప తండ్రి నన్ను అన్న మాటలు ఇక్కడ రాయలేను. ఆయన స్థానంలో నేనున్నా అవే అనేవాడిని. ప్రవేశ సమయంలో తల్లిదండ్రులు సంతకం పెట్టే హామీ పత్రం ఉంది కదా అని మా వాళ్ళు ధైర్యం చెప్పబోయారు. మా లాయరు గారు తేల్చి చెప్పారు: నిర్వహణలో నిర్లక్ష్యం ఉన్నట్టు తేలితే ఆ సంతకం మనల్ని కాపాడదు, అది ఆట నియమాలు చెప్పామన్నదానికి సాక్ష్యం మాత్రమే. వైద్యం ఖర్చు మేమే భరించాము, పబ్లిక్ లయబిలిటీ పాలసీ (వచ్చినవారికి దెబ్బ తగిలితే ఆదుకునే బీమా) నుంచి అందులో కొంత తరువాత వచ్చింది. ఆ వారంలోనే ట్రాంపోలిన్లను వయసును బట్టి రెండుగా చీల్చి మధ్యలో నెట్టు కట్టించాము. ఒక పలకకు ఒక్కరే అన్న నియమం చూడడానికి విడిగా ఒక మనిషిని పెట్టాము. ఆ పాప సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ వచ్చింది. తండ్రి నాతో మాట్లాడలేదు గాని టిక్కెట్టు తీసుకున్నారు, ఉచితంగా ఇస్తానంటే ఒప్పుకోలేదు.

మెషీన్ల విషయంలో రెండు సూచనలు. బొమ్మలు పట్టే మెషీన్లు, నాణేలు తోసే మెషీన్లు చూసి పోలీసువారు వచ్చి ఇది జూదమా ఆటా అని అడిగే అవకాశం ఉంది. మమ్మల్నీ అడిగారు. జూదం మీద 1974 నాటి రాష్ట్ర గేమింగ్ చట్టం ఒకటి ఉంది. బహుమతిగా నగదు ఎన్నడూ ఇవ్వబోమని, కార్డులో డబ్బు వెనక్కి తీసే ఏర్పాటు లేదని చూపించాము. అయినా నాణేలు తోసే మెషీను ఎందుకొచ్చిన గొడవని మేమే తీసేశాము. రెండోది, మెషీన్లలో గెలిచిన టిక్కెట్లకు బదులుగా ఇచ్చే బొమ్మలు. మద్రాసు ప్యారిస్ కార్నర్‌లో చవకగా దొరికేవన్నీ తెచ్చి అల్మారాలో పెట్టకూడదు. 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. గుర్తు ఉన్నవి ఖరీదు, అందుకని మా బహుమతుల్లో సగం ఇప్పుడు పెన్సిల్ బాక్సులు, నీళ్ళ సీసాలు, క్రికెట్ బంతులు. తల్లులకు ఇవే నచ్చాయి.

మనుషుల విషయం చెప్పకపోతే ఈ రాత సగమే అవుతుంది. పదహారు మంది, ఎక్కువగా కోవూరు, ఇందుకూరుపేట నుంచి వచ్చే ఇంటర్, డిగ్రీ పిల్లలు. జీతం పన్నెండు, పదమూడు వేలు. అందరికీ సెలవైన రోజే మనకు పని. దసరాకు, సంక్రాంతికి, ఆదివారాలకు ఇంట్లో ఉండలేని ఉద్యోగం ఇరవయ్యేళ్ళవాళ్ళు ఎంతకాలం చేస్తారు? ఆరు నెలలు దాటితే గొప్ప. పండుగ రోజుకు రెట్టింపు కూలి, వారం మధ్యలో వరుసగా రెండు రోజుల సెలవు పెట్టిన తరువాత మానేసేవారు తగ్గారు. పదిమంది గాని అంతకు పైన గాని ఉంటే ఈఎస్‌ఐ బీమా తప్పనిసరి, అది మొదటి రోజు నుంచే కట్టాము. పెళ్ళయిన ఆడవాళ్ళను పొద్దుటి షిఫ్టుకు తీసుకోవడం మేము చేసిన మంచి పని. ఏడ్చే పిల్లవాడిని ఎత్తుకోవడం వారికి ఎవరూ నేర్పనక్కరలేదు.

2025 వేసవి మా మొదటి పూర్తి సీజను. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సాయంత్రాలు క్యూ రోడ్డు దాకా వచ్చింది; ఎండకు భయపడి బయటికి రాని జనం చల్లటి చోటు వెతుక్కుంటూ మధ్యాహ్నాలు కూడా వచ్చారు. మే నెల ఒక్కదానిలో పన్నెండున్నర లక్షలు వచ్చింది. జూన్ రెండో వారంలో బళ్ళు తెరిచారు, పుస్తకాలు, ఫీజులు; జూలై అంతా ఈగలు తోలుకున్నాము. వేసవి డబ్బును విడి ఖాతాలో వేసి, జూన్, జూలై, మార్చి నెలల వాయిదాలు అందులో నుంచే కట్టాలన్నది మా చెల్లెలు పెట్టిన నియమం. ఆమే ఆ ఖాతా చూస్తుంది, మాకు చెక్కు పుస్తకం ఇవ్వదు. రెండో దసరా సెలవులూ బాగా జరిగాయి. అక్టోబరు చివరలో మొంథా తుఫాను వచ్చినప్పుడు బళ్ళకు సెలవులిచ్చారు. పిల్లలు ఇళ్ళలో ఉన్నా వాన వల్ల మేమూ మూసేశాము. వానలు ఆగాక వచ్చిన ఆదివారం అండర్ బ్రిడ్జీలో నీళ్ళు ఇంకా తీయకముందే చుట్టు తిరిగి వచ్చినవారిని చూసి ఆశ్చర్యపోయాను.

ఇప్పటికి వాయిదా ఒక్కటీ తప్పలేదు. పెట్టిన సొంత డబ్బులో మాత్రం ఇంకా పైసా వెనక్కి తీసుకోలేదు; అది వేసవులను బట్టి నాలుగో ఏడో ఐదో ఏడో. సంక్రాంతి సెలవులలోగా మూడు పాత ఆర్కేడ్ మెషీన్లను మార్చాలి, సాఫ్ట్ ప్లే జారుడు బల్లల రెగ్జిను కొత్తది వేయించాలి. మద్రాసు నుంచి రెండు కొటేషన్లు వచ్చాయి, మూడోదాని కోసం ఆగాము. పాత మెషీన్లను ఒంగోలులో కొత్తగా తెరవబోయే వారొకరు అడుగుతున్నారు. మదర్ బోర్డులు దొరకవని వారికి ముందే చెప్పాను, అయినా వచ్చే వారం వచ్చి చూస్తామన్నారు.